మిల్లు గేటు దాకా వచ్చిన పట్టాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఉత్తరాంధ్ర రైలుమార్గాల మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం మిల్లు ఊళ్ల గురించే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: మాది ఒకప్పటి జూట్ మిల్లు ఊరు. స్టేషన్ నుంచి మిల్లు గోడ దాకా సర్కారు తుమ్మల్లో ఒక గట్టు కనిపిస్తుంది. పాత రైలు గట్టని కొందరంటారు, కాలవ గట్టని ఇంకొందరు. ఊరి రైలు చరిత్ర రాద్దామని కూర్చున్నాను. ముందు ఈ గట్టు సంగతి ఎలా తేల్చాలి? (మధురవాడ)

మీరు గట్టుతో మొదలుపెట్టారు, అదే సరైన దారి. ఊరి రైలు చరిత్ర రాసేవాళ్లు చాలామంది మెయిన్ లైనుతో మొదలుపెట్టి దానితోనే ముగిస్తారు. మెయిన్ లైను కథ దారిలో ఉన్న ప్రతి ఊరిదీ. మీ ఒక్క ఊరిదే అయిన కథ స్టేషన్ నుంచి మిల్లుకు చీలిన సైడింగ్‌ది.

చేతికి మట్టి అంటకముందే కాగితాలు చూడండి. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాల్లో విశాఖ 65 ఓ షీటులోకి, విజయనగరం, నెల్లిమర్ల 65 ఎన్‌/8లోకి వస్తాయి. మైలుకు అంగుళం చొప్పున గీసిన పాత పటం దొరికితే తర్వాతి 1:50,000 పటం పక్కన పెట్టి చూడండి. పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేని చిన్న రైలు గీత ఉందంటే సగం పని అయినట్టే. ఆ తర్వాత గ్రామ రికార్డు. మన వైపు ఊళ్లు చాలావరకు జమీందారీ గ్రామాలు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే వాటికి సర్వే, సెటిల్‌మెంట్ జరిగాయి. కాబట్టి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఎఫ్‌.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం) అడగండి. సన్నగా, పొడుగ్గా, వంపు తిరిగిన సర్వే నంబరు ఒకటి ‘రైల్వే’ అనో ‘పోరంబోకు’ అనో కనబడితే దాన్ని పట్టుకోండి. పొలం గట్లు మూలలు తిరుగుతాయి గానీ నున్నగా వంపు తిరగవు.

ఇక టేపు. గట్టు వంపు మీద ఒక అంచు వెంట 20 మీటర్ల తాడు బిగించి లాగండి. తాడు నడిమధ్య నుంచి గట్టు అంచుకు ఎన్ని మిల్లీమీటర్లుందో కొలవండి. 50,000ను ఆ అంకెతో భాగిస్తే వంపు వ్యాసార్ధం మీటర్లలో వస్తుంది. 240 మి.మీ. వస్తే సుమారు 208 మీటర్లు. బ్రాడ్‌గేజ్‌లో 175 మీటర్ల కంటే బిగువైన వంపు వేయరు. అంటే 286 మి.మీ. దాటిందా, ఆ గట్టు మీద పెద్ద వ్యాగన్లు నడిచి ఉండవు. అది మిల్లులో మనుషులు తోసే ట్రాలీ లైను అయినా కావచ్చు, మామూలు బండిదారి అయినా కావచ్చు. ఒక్కచోట కొలిచి ఊరుకోకండి. కూలిన గట్టు అబద్ధం చెబుతుంది. పది మీటర్లకోసారి జరుపుతూ నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయండి.

వాలు చూడటానికి పారదర్శక గొట్టంలో నీళ్లు పోసి మేస్త్రీలు మట్టం చూసే పద్ధతి చాలు. స్టేషన్ యార్డుల్లో 400కి 1 కంటే ఎక్కువ వాలు సాధారణంగా ఉంచరు. అంటే 100 మీటర్లకు 25 సెంటీమీటర్లు. కాలవ గట్టు వాలు కూడా తక్కువే కాబట్టి దీనితో రైలని తేలదు. అయితే 100 మీటర్లకు రెండు మీటర్లు ఎక్కుతుంటే మాత్రం రైలు మాట మరిచిపోవచ్చు.

అసలు సాక్ష్యం గట్టు కడుపులో ఉంటుంది. జానెడు లోతు గీకి చూడండి. మెయిన్ లైనుకు కొట్టిన కంకర పోస్తారు. సైడింగులకు చాలాచోట్ల ఇంజన్ల నుంచి వచ్చిన బొగ్గు బూడిద, చిట్టెం పోసేవారు. నల్లగా, తేలిగ్గా, చిల్లులు పడ్డ గడ్డలు తగిలితే కాలవ వాదం అక్కడితో సరి. కాలవ గట్టుకు బొగ్గు చిట్టెం తెచ్చి పోసేవాడెవడూ ఉండడు.

పట్టా ముక్క దొరికితే దాని అడ్డకోత కొలవండి. ఎత్తు 142.9 మి.మీ., అడుగు వెడల్పు 136.5 మి.మీ. ఉంటే అది గజానికి 90 పౌన్ల పట్టా, మీటరుకు 44.61 కిలోలు. ఎత్తు 128.6, అడుగు 122.2 అయితే 75 పౌన్లది. ఎత్తు 156 వస్తే 52 కిలోల పట్టా, అంటే తర్వాతి కాలం సరుకు. పట్టా నడుం మీద పోతపోసినట్టు ఉబ్బెత్తుగా అక్షరాలుంటాయి: తయారుచేసిన కంపెనీ, పట్టా రకం, నెల, సంవత్సరం. నెల రోమన్ అంకెల్లో గానీ నిలువు గీతల్లో గానీ ఉంటుంది. తీగల బ్రష్షుతో తుప్పు రాల్చి, పల్చటి కాగితం పెట్టి పెన్సిలు పక్కవాటుగా రుద్దండి. కంటికి ఆనని అంకె కాగితం మీద లేస్తుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పట్టా మీద 1911 అని ఉంది గనక సైడింగ్ 1911లో వేశారని రాసేస్తారు. సైడింగులకు కొత్త పట్టాలు అరుదు. మెయిన్ లైనులో అరిగి, తీసేసిన వాటినే తెచ్చి వేస్తారు. కాబట్టి ఆ అంకె చెప్పేది ఒక్కటే: ఈ పట్టా ఇక్కడికి ఆ ఏడాదికి ముందు రాలేదని. సైడింగ్ అంతకు పదేళ్ల తర్వాతిదైనా కావచ్చు, ముప్పై ఏళ్ల తర్వాతిదైనా కావచ్చు. పాత సైడింగులోనే ఆ పట్టాను మధ్యలో మార్చి ఉండనూ వచ్చు.

ఒక హెచ్చరిక. ఇప్పుడు రైళ్లు తిరిగే పట్టాల దగ్గరికి టేపు పట్టుకుని వెళ్లకండి. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం. స్టేషన్ మాస్టారి అనుమతి అడగండి.

ప్రశ్న: భీమిలికి రేవుండేది, పక్కనే చిట్టివలసలో జూట్ మిల్లుండేది. అయినా రైలు రాలేదు. నెల్లిమర్లకు వచ్చింది. ఎందుకని? (భీమునిపట్నం)

మిల్లును చూసి రైలు రాలేదు. పటం చూస్తే అర్థమవుతుంది. వాల్తేరులో (ఇప్పటి విశాఖపట్నం స్టేషన్) బయల్దేరిన లైను సింహాచలం కొండలకు పడమటి పక్క నుంచి గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస మీదుగా లోపలికి తిరిగి, అలమండ, కోరుకొండ దాటి విజయనగరం చేరుతుంది. ఆ తర్వాతి స్టేషనే నెల్లిమర్ల. భీమిలి కొండలకు అవతల, సముద్రం ఒడ్డున మిగిలిపోయింది.

ఈ లైను ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసింది. 1893, 1896 మధ్య ముక్కలు ముక్కలుగా తెరిచారు. గోదావరి వంతెన 1900లో గానీ పూర్తి కాలేదు. అప్పటిదాకా రాజమండ్రి దగ్గర జనం రైలు దిగి పడవెక్కాల్సిందే. తర్వాత లైనును రెండుగా కోశారు. 1901లో వాల్తేరుకు దక్షిణ భాగం మద్రాసు రైల్వేకు, 1902లో ఉత్తర భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకు వెళ్లాయి. పాతకాలం వాళ్లు ‘బి.ఎన్‌.ఆర్‌.’ అనేది ఈ రెండోదాన్నే.

భీమిలి పేరు మీద ఇప్పటికీ ఒక నార ఉంది. మన గోగునారను వర్తకంలో ‘బిమ్లీ జూట్’ అంటారు. విజయనగరం, శ్రీకాకుళం మెట్ట పొలాల గోగు భీమిలి రేవులో ఓడెక్కేది. రేవంటే ఇప్పటి రేవుల్లా ఓడ గట్టుకు ఆనుకుని నిలిచేది కాదు. ఓడ దూరంగా లంగరు వేసేది. సరుకు మసులా పడవల్లో అలల మీదుగా వెళ్లాలి. గాలి లేస్తే పని ఆగేది, నార తడిస్తే ధర పడేది. రైలు పక్కనుంటే లెక్క వేరు. జోడెద్దుల బండి మీద ముప్పావు టన్ను వేస్తే, 22 టన్నులు పట్టే ఒక్క వ్యాగను ముప్పై బండ్ల పెట్టు. పైగా వానాకాలంలో బండి దిగబడుతుంది, వ్యాగను దిగబడదు.

భీమిలి రేవు వెనకబడటానికి తరచు ఒక్క రైలునే తప్పుపడతారు. మా లెక్కలో రెండు తేదీలు కలిపి చూడాలి. బి.ఎన్‌.ఆర్‌. 1908-09లో విజయనగరం నుంచి పార్వతీపురానికి, 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకు లైన్లు వేసింది. పార్వతీపురం లైను 1931లో రాయ్‌పూర్ దాకా కలిసింది. రెండేళ్లకు, 1933లో, విశాఖ రేవు తెరుచుకుంది. దాన్ని కట్టిందీ బి.ఎన్‌.ఆరే. ఓడ గట్టుకే వస్తుంది, వ్యాగను ఓడ పక్కకే వస్తుంది. మధ్య పరగణాల మాంగనీసు మొదలు మన వైపు నూనెగింజల దాకా అన్నీ ఆ దారే పట్టాయి. పట్టాలు లేని రేవు పట్టాలున్న రేవుతో పోటీ పడలేదు. చిట్టివలస మిల్లు మాత్రం గోస్తనీ ఒడ్డున చాలా కాలం నడిచింది. రైలు లేకపోతే మిల్లు బతకదన్న మాట నిజం కాదని చెప్పడానికి అదే సాక్ష్యం. రోడ్డు ఖర్చు మోస్తూ బతికింది.

ప్రశ్న: సైడింగులోకి వ్యాగను ఎలా వచ్చేది? ఇంజను మిల్లు లోపలికి వచ్చేదా? తర్వాత ఎందుకు ఆగిపోయింది? (గోపాలపట్నం)

ముందు మిల్లు గుమాస్తా స్టేషన్‌లో ఇండెంట్ రాసేవాడు: ఎన్ని వ్యాగన్లు, ఏ సరుకు, ఏ ఊరికి. వ్యాగన్లు వచ్చాక పాయింట్స్‌మన్ సైడింగ్ తాళంచెవి స్టేషన్ మాస్టారి దగ్గర తీసుకునేవాడు. ఆ చెవి బయట ఉన్నంతసేపూ మెయిన్ లైను మీద బండికి సిగ్నల్ పడదు. షంటింగ్ అయి, పాయింటు (బండి దారి మార్చే కదిలే పట్టా) మళ్లీ మెయిన్ లైనుకు తిప్పి తాళం వేసి, చెవి తిరిగొచ్చాకే సిగ్నల్. ఆలస్యమైతే మెయిన్ లైను బండి అవతలి స్టేషన్‌లో ఆగిపోతుంది. ‘చెవి ఏదయ్యా’ అన్న కేక చిన్న స్టేషన్లలో అందుకే వినబడేది.

సైడింగ్ మొదట్లో ఒక ట్రాప్ పాయింట్ ఉంటుంది. లోపల నిలిపిన వ్యాగను గాలికో వాలుకో దొర్లుకుంటూ వస్తే మెయిన్ లైను ఎక్కకముందే అక్కడ పట్టా దించేస్తుంది. అక్కడ వ్యాగను పడిందంటే అప్పట్లో జనం ప్రమాదం అనుకునేవారు. నిజానికి ఆ పాయింటు పెట్టిందే దానికి. యార్డు వాలు నియమం కఠినం కావడానికి కూడా ఇదే కారణం. పాత వ్యాగన్ల ఇరుసులు నూనె పీచు మీద తిరిగేవి, కదలాలంటే బలం కావాలి. రోలర్ బేరింగులు వచ్చాక 400కి 1 వాలు మీద కూడా వ్యాగను తనంతట తానే కదిలిపోతుంది. అందుకే కొత్త యార్డులకు 1200కి 1 మంచిదన్నారు.

ఆవిరి ఇంజనుకూ నారకూ పొసగదు. పొగగొట్టం నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి ఇంజను వ్యాగన్లను ముందుకు తోసి, తాను గోదాముకు దూరంగా ఉండటమే పద్ధతి. అక్కడి నుంచి గునపాలతో, భుజాలతో మనుషులే జరిపేవారు. అన్ని నిప్పులూ బయటి నుంచి రావు. తడి నారను బేలు కట్టి మూసిన వ్యాగనులో వేస్తే లోపలే వేడెక్కుతుంది. పుల్లటి వాసన వచ్చిందంటే ఆ బేళ్లు దించి ఆరబెట్టాల్సిందే. గట్టిగా నొక్కిన పక్కా బేలు 180 కిలోలు, 22 టన్నుల వ్యాగనుకు బరువు లెక్కన 122 బేళ్లు. వదులుగా కట్టిన నారైతే బరువు చాలకముందే చోటు నిండుతుంది, అదంతా దండగ కిరాయి. ఎక్కించడం అయ్యాక తలుపుకు సీలు, పక్కన లేబులు, గుమాస్తా చేతికి రైల్వే రసీదు ఆర్‌.ఆర్‌. గడువు దాటితే డెమరేజి, అంటే ఆలస్యపు రుసుము. ఎదురు దారిలో మిల్లు బాయిలర్‌కు బొగ్గు వచ్చేది.

ఇక ఆగిపోవడం. లారీలు వచ్చి చంపేశాయంటారు, అది సగమే. 1980ల నుంచి రైల్వే విడి వ్యాగన్లు తగ్గించి, మొత్తం రేకు (ఒకే బండిగా కట్టిన వ్యాగన్ల వరస) ఒకేచోట నిండి ఒకేచోటికి వెళ్లే పద్ధతికి మళ్లింది. మూతవ్యాగన్ల రేకంటే నలభై పైచిలుకు వ్యాగన్లు, 2,400 టన్నుల మాట. రోజుకు 50 టన్నులు నేసే మిల్లు అనుకోండి, ఒక్క రేకుకు 48 రోజుల సరుకు పోగేసుకోవాలి. పైగా ఆ రేకు పొడవు ఆరేడు వందల మీటర్లు. పాత సైడింగ్ పది నాలుగు చక్రాల వ్యాగన్లకు, అంటే 80 మీటర్లకు వేసింది. ఆ గేటులో ఆ బండి పట్టదు. చిన్న వ్యాగను పోయిననాడే సైడింగ్ పోయింది. పట్టాలు పీకింది ఆ తర్వాతెప్పుడో.

ప్రశ్న: పాత సైడింగ్ పట్టాల మధ్య వేలు పట్టే సందు ఉంటుంది. మెయిన్ లైనులో ఉండదు. ఎందుకు? (కంచరపాలెం)

13 మీటర్ల పట్టా, తెల్లవారుజామున 20 డిగ్రీలు, మధ్యాహ్నం ఎండలో 60 డిగ్రీలు అనుకుందాం. మీటరుకు, డిగ్రీకి 0.0115 మి.మీ. చొప్పున సాగితే సుమారు 6 మి.మీ. ఆ 6 మి.మీ.కే సందు. మెయిన్ లైనులో పట్టాలను పొడవునా అతికేస్తారు. అక్కడ సాగనివ్వరు, స్లీపర్లూ కంకరా కలిసి పట్టి ఉంచుతాయి. 52 కిలోల పట్టాలో 40 డిగ్రీల తేడాకు ఆ ఒత్తిడి 65 టన్నుల దాకా ఉంటుంది. కంకర పలచబడ్డ చోట వేసవిలో లైను పాములా వంకర తిరగడం అందుకే.

సందున్న లైనులో ప్రమాదం, రెండు పట్టాలను కలిపి పట్టే పలక అయిన ఫిష్‌ప్లేట్ పట్టేయడం. తుప్పు పట్టి బిగుసుకుంటే సందు ఉన్నా లేనట్టే. అందుకని ఏడాదికోసారి, చలి నెలల్లో, ప్లేట్లు విప్పి కందెన వేస్తారు. వంద జాయింట్లకు పాత కొలత: గ్రాఫైట్ పొడి 5 కిలోలు, కిరసనాయిలు మూడున్నర లీటర్లు కలిపి ప్లేటు ఆనే చోట పూయాలి, బోల్టులకు నల్ల నూనె రెండుముప్పావు లీటర్లు. ఎండాకాలంలో విప్పితే బోల్టు కన్నాలు మళ్లీ కలవవు.

ప్రశ్న: హౌరా నుంచి చెన్నై వెళ్లే బండి విశాఖలో ఎందుకు వెనక్కి తిరుగుతుంది? వాల్తేరు పేరు ఎప్పుడు పోయింది? (అక్కయ్యపాలెం)

విజయనగరం వైపు లైనూ, దువ్వాడ వైపు లైనూ స్టేషన్‌లోకి ఒకే కొస నుంచి వస్తాయి. కాబట్టి ఇంజను తీసి రెండో కొసకు తగిలించాలి. ఆ ఆలస్యం ఎందుకని కొన్ని బండ్లు విశాఖకు రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్తాయి. స్టేషన్ పేరు 1987లో విశాఖపట్నం అయింది. టిక్కెట్ మీద మారినా పెద్దవాళ్ల నోట మారడానికి చాలా ఏళ్లు పట్టింది.

ప్రశ్న: నౌపడా చిన్న రైలు కూడా బి.ఎన్‌.ఆర్‌. వేసిందేనా? (సీతమ్మధార)

కాదు, పర్లాకిమిడి రాజావారు వేయించారు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైంది, గుణుపురానికి 1931 నాటికి చేరింది. గేజ్ 762 మి.మీ., అంటే రెండున్నర అడుగులు. 2004లో చిన్న రైలు ఆగింది. బ్రాడ్‌గేజ్ చేశాక 2010, 2011ల్లో రెండు విడతలుగా మళ్లీ తెరిచారు. పైన చెప్పిన తాడు లెక్క ఇక్కడి పాత గట్టు మీద పెట్టకండి. చిన్న గేజ్ వంపులు 175 మీటర్ల కంటే చాలా బిగువుగా ఉండవచ్చు.

ప్రశ్న: పాత పట్టా ముక్క జానెడుది దొరికింది. గుర్తుగా ఇంట్లో పెట్టుకోవచ్చా? (పెందుర్తి)

పెట్టుకోకండి. రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గరుంచుకోవడం 1966 చట్టం కింద నేరం. తుప్పు ముక్కే కదా అంటే రైల్వే రక్షణ దళం ఆర్‌.పి.ఎఫ్‌. వాళ్లు ఒప్పుకోరు. ఎక్కడ దొరికిందో అక్కడే వదిలి, అక్షరాల నకలు కాగితం మీద తీసుకోండి. కొలతలు, పక్కన స్కేలు పెట్టి ఫొటో, దొరికిన చోటి సర్వే నంబరు రాసుకుంటే చరిత్రకు అవే కావాలి. మిల్లు సొంత ట్రాలీ లైను పట్టా అయితే అది రైల్వేది కాదు, మిల్లు యాజమాన్యానిది. అప్పుడు అడగాల్సింది వాళ్లను.